ఈసారి పండక్కి చుట్టాన్ని నేనే

ఇరవై రెండేళ్ళ నుంచి సంక్రాంతికి నా చోటు వంటిల్లే. పిల్లలు కొత్తగూడెం వస్తారు, నాలుగు రోజులుంటారు, డబ్బాలు నింపుకుని వెళ్తారు. హాల్లో నవ్వులు వినపడుతుంటాయి, ఎందుకు నవ్వారో తెలియదు. "ఏంట్రా అది?" అంటూ చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆ మాట అయిపోయి ఇంకో మాటలో ఉంటారు. నాకేం బాధ లేదు, ఉన్న సంగతి చెప్తున్నానంతే.

మొన్న దసరా తర్వాత మోకాలు పట్టేసింది. ఎక్కువసేపు నిలబడొద్దన్నారు డాక్టరు గారు. పుణేలో ఉన్న అమ్మాయీ, బెంగళూరులో ఉన్న అబ్బాయీ ఫోన్లో ఏం తీర్మానించుకున్నారో గానీ, "2025 పండగ మావయ్య వాళ్ళింట్లో. నువ్వు గరిట ముట్టుకుంటే ఊరుకోం" అని చెప్పేశారు. మావయ్య అంటే మా తమ్ముడు. కోనసీమలో అంబాజీపేట పక్కన చిన్న ఊరు మాది. మేం పుట్టిన ఇంట్లోనే ఉంటున్నాడు. కొబ్బరితోట, రెండు గేదెలు, ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తని అలవాటు, అవీ వాడి ఆస్తులు.

మొత్తం తొమ్మిదిమందిమి. నేనూ, మా వారూ, అబ్బాయీ కోడలూ, వాళ్ళ ఆరేళ్ళ పిల్ల, మూడేళ్ళ పిల్లాడు, అమ్మాయీ అల్లుడూ, వాళ్ళ పదేళ్ళ కొడుకు. ఈ పదేళ్ళవాడికి వాళ్ళ నాన్న ఓ చిన్న నోటుబుక్కూ, జిప్పు పర్సూ, అందులో ఐదు వేలూ పెట్టి ఇచ్చాడు. "చిల్లర ఖర్చులన్నీ నీవే. ఇంటికెళ్ళాక పైసాతో సహా లెక్క చెప్పాలి" అన్నాడు. కాబట్టి ఇక్కడ రాసే రేట్లన్నీ వాడి పుస్తకంలోవే.

జనవరి 12, ఆదివారం: రావులపాలెం, ఆ తర్వాత దారి తప్పి

రాజమండ్రిలో అందరం కలిసి రెండు కార్లలో బయల్దేరాం. రావులపాలెంలో టీకి ఆగితే రోడ్డు పక్కన అరటిగెలలు కట్టెల మోపుల్లా పేర్చి ఉన్నాయి. మనవడు డజను కర్పూర అరటిపళ్ళు అరవై రూపాయలకి కొన్నాడు. లెక్కపెడితే పద్నాలుగు. తిరిగి వెళ్ళి రెండు వెనక్కివ్వబోయాడు. "పిల్లలకండి, డజనంటే మరి లెక్కెట్టి పన్నెండిత్తావేంటండీ" అన్నాడు కొట్టతను. మావాడు పుస్తకంలో ఏం రాయాలో తెలియక వాళ్ళ నాన్న మొహం చూశాడు.

కొత్తపేట దాటాక ఫోన్లో దారి చెప్పే ఆవిడ మమ్మల్ని కాలవ గట్టు ఎక్కించింది. ఎడమ పక్క నీళ్ళు, కుడి పక్క చేలు, ఎదురు బండి వస్తే తప్పుకునే చోటు లేదు. నేను పుట్టిన ప్రాంతమే, నాకే గుర్తు రాలేదు. అప్పుడు ఈ గట్ల మీద సైకిళ్ళే తిరిగేవి. చివరికి ఓ నడక వంతెన దగ్గర దారి అయిపోయింది. అబ్బాయి టెన్షన్ పడుతూ వెనక్కి తీస్తుంటే, గడ్డిమోపు కట్టిన సైకిలాయన దిగి నిలబడ్డాడు.

"ఎవరింటికెల్లాలండి?"

తమ్ముడి పేరు చెప్పాను.

"ఆయ్, ఆరింటికాండీ! అయితే మీరు పెద్దమ్మాయిగారు కదండీ? కొత్తగూడెం ఇచ్చారు."

నేను ఆ ఊరు వదిలి నలభై ఒక్క ఏళ్ళయింది. ఆయన సైకిల్ ముందు, మా రెండు కార్లు వెనక, సైకిలు నడిచిన వేగంతోనే ఊళ్ళోకి వచ్చాం. మా అల్లుడు వంద నోటు తీస్తే "ఊళ్ళోకొచ్చి డబ్బులిత్తారేంటండీ బాబూ" అని నొచ్చుకున్నాడు. ఆ రోజు లెక్కలో "దారి చూపించిన అంకుల్: 0" అని ఉంది.

రాత్రి మా మరదలు కంద బచ్చలికూర, ఆవపెట్టిన పనసపొట్టు, ముద్దపప్పు, ముక్కల పులుసు చేసింది. మా అల్లుడిది వరంగల్. పులుసు నోట్లో పెట్టుకుని ఆగిపోయి, నెమ్మదిగా నా వైపు వంగి, "గిది పులుసా పాయసమా అత్తమ్మా?" అన్నాడు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా మా బెల్లం అతనికి అలవాటు కాలేదు. మరదలు మాత్రం అది మెచ్చుకోలనుకుని ఇంకో గరిటెడు పోసింది. అడిగి వడ్డించే అలవాటు ఆ ఊళ్ళో లేదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ మీదే నెయ్యి పోస్తారు.

హాలంతా చాపలూ పరుపులూ. పిల్లలు ముగ్గురూ నా పక్కనే అని గొడవ పడితే, నన్ను మధ్యలో వేసి, మూడోవాణ్ణి కాళ్ళ దగ్గర అడ్డంగా పడుకోబెట్టారు. రాత్రంతా ఆ చిన్నాడి కాళ్ళు నా నొప్పి మోకాలి మీదే.

జనవరి 13, భోగి

నాలుగున్నరకి భోగిమంట. కొబ్బరి మట్టలు, ఎండిన తాటాకులు, ఓ విరిగిన తలుపు. మా అమ్మాయి పుణేలో ఆన్‌లైన్‌లో భోగిపిడకల దండ తెప్పించి తెచ్చింది, ధర 199. మరదలు ఆ ప్లాస్టిక్ కవరు విప్పి, పిడకని అటూ ఇటూ తిప్పి చూసి, "వదినగారూ, పేడకి కూడా డెలివరీ బాయ్ వచ్చాడాండీ?" అంది. ఇక అందరూ ఒకటే నవ్వు. ఈసారి ఆ నవ్వు ఎందుకొచ్చిందో మొదటినుంచీ నాకు తెలుసు.

ఆ మంట మీదే నీళ్ళు కాచి తలంట్లు. తొమ్మిదింటికి పొట్టిక్కలు, అంటే పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు. నాలుగు ఆకుల్ని పుల్లలతో కుట్టి దొన్నెలా చేస్తారు. పిండి ఉడికాక ఆకు వాసన దానికి పడుతుంది. మనవరాలు ఇడ్లీ వదిలేసి బుట్టలు కుట్టడం నేర్చుకోవడానికి కూర్చుంది. ఆకు ఎదురు తిప్పి పట్టుకున్నందుకు మూడు బుట్టలు చిరిగాయి, నాలుగోది నిలబడింది. ఆ బుట్టలో సాయంత్రం దాకా చీమల్ని దాచింది.

సాయంత్రం చిన్నాడికి భోగిపళ్ళు. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకలు, నానబెట్టిన సెనగలు, చిల్లర. దిష్టి పోతుందని పోస్తాం. వాడేమో తల మీంచి జారిన రేగిపండు ప్రతిదీ ఏరుకుని తింటున్నాడు. మా ఖజానా అధికారి ఇరవై రూపాయి బిళ్ళలు ఇచ్చి, అయిపోయాక మంచం కింద దూరి మరీ ఇరవయ్యీ ఏరుకుని పర్సులో వేసుకున్నాడు. పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "పోసినవి మళ్ళీ తీసుకోకూడదు నాన్నా" అంటే, "మరి బుక్‌లో ఏమని రాయను అమ్మమ్మా?" అన్నాడు.

జనవరి 14, పెద్దపండగ

ఇవాళ ఊళ్ళో చూసింది తక్కువ. హరిదాసు వచ్చాడు, తల మీద అక్షయపాత్ర, కింద స్కూటరు. పిల్లలు బియ్యం పోశారు. మగవాళ్ళు పెద్దలకి తర్పణాలు వదిలారు. మధ్యాహ్నం అబ్బాయీ అల్లుడూ "అమలాపురం దాకా వెళ్ళొస్తాం" అని బయల్దేరి, ఎక్కడో కోడిపందేల జనంలో ఇరుక్కుని రెండు గంటల తర్వాత దుమ్ము కొట్టుకుని వచ్చారు. పందెం చూశారా అంటే ఇద్దరూ ఒకే మాట: "లేదు, ట్రాఫిక్."

అల్లుడి వాళ్ళమ్మగారు సకినాలు పంపారు. వదినగారి చేతి సకినం అంటే సకినమే. బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద చేత్తో చుట్లు చుట్లుగా తిప్పి, ఆరాక నూనెలో వేస్తారు. గొట్టం లేదు, బిళ్ళ లేదు, అంతా వేళ్ళలోనే. మా మరదలు ఒకటి తీసుకుని తిరగేసి చూసింది. జంతికల గొట్టం పక్కన పెట్టి, చేత్తో రెండు చుట్టి చూసింది. రెండూ తెగిపోయాయి. "మీ అత్తగారిని ఓసారి తీసుకురా అమ్మా" అంది మా అమ్మాయితో.

అసలు ఆ రోజు నాకు మిగిలింది అరుగు మీద గడిపిన గంట. చేతిలో పని లేకుండా కూర్చోవడం రాక, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తానంటే అమ్మాయి చాట లాక్కుంది. కోడలు వచ్చి పక్కన కూర్చుంది. పదకొండేళ్ళలో మేమిద్దరం అంతసేపు ఊరికే కూర్చున్నది లేదు. మాటల్లో అంది, "మీ వంటింట్లోకి రావాలంటే నాకు భయం అత్తయ్యా. గరిట వేరే చోట పెడితే మీరు ఏమీ అనరు. నేను చూడకుండా మళ్ళీ సర్దుతారు."

ఏం చెప్పాలి? నిజమే. చూడలేదనుకున్నాను. "అంటే బాగుండేదా?" అని అడిగాను. "తిడితే బాగుండేది" అని నవ్వేసింది. ఈలోగా కాఫీలొచ్చాయి.

జనవరి 15, కనుమ: జగ్గన్నతోట

పొద్దున్నే మినపగారెలు. కనుమ నాడు మినుము తినాలి, కనుమ నాడు కాకైనా కదలదు. ఈ రెండో మాట మా మనవడు పట్టుకున్నాడు. "మరి మనం తీర్థానికి ఎలా వెళ్తాం?" తమ్ముడు ఆలోచించి, "తీర్థం ప్రయాణం కాదురా, రాత్రికి ఇంటికొచ్చేస్తాం కదా" అన్నాడు. "కాకి కూడా రాత్రికి గూటికొచ్చేస్తుంది కదా తాతయ్యా" అన్నాడు వీడు. తమ్ముడు ఇంకో గారె తీసుకున్నాడు.

జగ్గన్నతోట అంటే గుడి కాదు, మొసలపల్లి దగ్గర కొబ్బరితోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులు, కనుమ నాడు ప్రభల మీద ఆ తోటలోకి వచ్చి కలుసుకుంటారు. ఆ జాతరే ప్రభల తీర్థం. ప్రభ అంటే వెదురుబద్దలు వంచి కట్టిన పెద్ద చట్రం. దానికి రంగురంగుల గుడ్డలు, పూలు, గంటలు, వరికంకులు కట్టి మధ్యలో స్వామిని పెడతారు. చక్రాలుండవు, ఊళ్ళోవాళ్ళే భుజాల మీద మోసుకొస్తారు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ పరేడ్‌లో మన ఆంధ్రా శకటం ఈ ప్రభల తీర్థమే. అది టీవీలో చూసి తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. వాడు తనంతట తానుగా చేసిన ఫోన్లలో అదొకటి.

నేను అందులో చూడాలనుకున్నది ఒక్కటే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలవ దాటడం. చిన్నప్పుడు మా నాన్న భుజం మీంచి చూశాను. కార్లు కిలోమీటరు ముందే ఆపేశారు. నా మోకాలు సంగతి చూసి తమ్ముడు ఎవరింట్లోంచో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తల మీద పెట్టుకుని ముందు నడిచాడు. వంద అడుగులకోసారి కుర్చీ దించడం, నేను కూర్చోవడం, లేవడం. అలా చేరాం. గట్టు మీద జనం అప్పటికే కిక్కిరిసి ఉన్నారు. ముందున్న ఒకావిడ వెనక్కి చూసి, "ఒరేయ్ జరగండ్రా, మామ్మగారి కుర్చీ యెయ్యనివ్వండి" అని నలుగుర్ని పక్కకి నెట్టేసింది. తర్వాత మామూలే. "ఎవరమ్మాయండి మీరు? పిల్లలెంతమందండి? ఈయన అల్లుడుగారాండీ? ఏం చేత్తారండి?" ఐదు నిమిషాల్లో మా వంశవృక్షం ఆవిడ చేతిలో, ఆవిడిచ్చిన జామకాయ నా చేతిలో.

ముందు డప్పులు వినపడ్డాయి. తర్వాత చేలకి అవతల చెట్ల పైన ప్రభ తల కనపడింది, ఊగుతూ. పచ్చటి వరిచేలో అడ్డంగా దిగారు. "అశ్శరభ! శరభ!" అని కేకలు. కౌశిక ఒడ్డు చేరేసరికి ఓ క్షణం ఆగి, మోసేవాళ్ళు భుజాలు సర్దుకున్నారు. దిగారు. మోకాళ్ళు, నడుములు, గుండెలు... ముందు వరుసవాళ్ళవి తలలే కనపడుతున్నాయి. ప్రభ ఎడమకి ఒరిగింది. తాళ్ళు పట్టుకున్న కుర్రాళ్ళు కుడివైపుకి లాగారు, గంటలన్నీ ఒక్కసారి మోగాయి. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు. ఇవతల గట్టు బురద. ఒకాయన కాలు జారి మోకాళ్ళ మీద పడ్డాడు, భుజం మాత్రం దించలేదు. వెనకవాళ్ళు తోస్తే అలాగే లేచాడు. ప్రభ గట్టెక్కింది. పక్కన మా వారు, గుళ్ళోకి రమ్మంటే బయట చెప్పులు చూస్తానని నిలబడే మనిషి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నాడు.

వాళ్ళ నాన్న భుజాల మీంచి మనవడు కిందకి వంగి అడిగాడు. "అమ్మమ్మా, వరి అంతా తొక్కేశారు. ఆ డబ్బులు రైతుకి ఎవరిస్తారు?"

జామకాయ ఇచ్చినావిడ పక్కనున్న పెద్దాయన విన్నాడు. "అది మా చేనేనండి" అన్నాడు. "సామి తొక్కిన చేను బాబూ, రెండు బత్తాలు ఎక్కువే పండుద్ది."

వాడు నమ్మినట్టు లేదు. కానీ పుస్తకం తియ్యలేదు.

తోటలో పదకొండు ప్రభలూ నిలబెట్టాక ఇక తీర్థం తీర్థమే. చెరుకుగడలు, ఖర్జూరాలు, బూరలు, రంగులరాట్నం ఒక్కో పిల్లకి యాభై. మనవడి కాళ్ళు మోకాళ్ళ దాకా బురద. పంపు దగ్గర కడుక్కోవడానికి వెళ్తూ పర్సు నాకిచ్చాడు. "ఎవ్వరికీ ఇవ్వొద్దు అమ్మమ్మా." అప్పుడే మా వారు జీళ్ళ కొట్టు ముందు ఆగారు. షుగరు వచ్చి తొమ్మిదేళ్ళయింది. మా అమ్మాయి ఆయన ప్లేటులో అరిసె ముక్కని కూడా కొలిచి పెడుతుంది. ఆయన ఏమీ అడగలేదు. కొట్టువాడు బెల్లపు పాకాన్ని సాగదీస్తుంటే అలా చూస్తూ నిలబడ్డారు, చిన్నాడు భోగిపళ్ళని చూసినట్టు. నా పర్సు కారులో ఉంది. జిప్పు తీశాను. పావుకిలో, నలభై రూపాయలు. కొబ్బరిచెట్టు వెనక ఆయన నాలుగు తిన్నారు, నేను రెండు. మిగతావి జామకాయ ఆవిడ మనవలకి ఇచ్చేశాం.

జనవరి 16, ముక్కనుమ: అంతర్వేది

రాజోలు, మలికిపురం మీదుగా సఖినేటిపల్లి. నరసింహస్వామి దర్శనం గంటలో అయింది. 2020లో కాలిపోయిన రథం చోట చేసిన కొత్త రథాన్ని పిల్లలకి చూపించాం. పార్కింగుకి యాభై. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళాం. వశిష్ఠ గోదావరి అక్కడ సముద్రంలో కలుస్తుంది. "ఎక్కడ కలిసింది? గీత ఎక్కడ?" అని మనవరాలు వెతికింది. ఓ చోట నీళ్ళు తీసి నాలిక మీద వేసుకుని "ఇది సముద్రం" అంది. ఇంకో చోట వేసుకుని "ఇదీ సముద్రమే" అంది. దానికి గోదావరి దొరకలేదు.

తిరిగొచ్చేటప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బళ్ళు కూడా ఎక్కించే పెద్ద పడవ, ఎక్కి ఊరికే అవతలి ఒడ్డున నరసాపురం వెళ్ళి, అదే పంటులో వెనక్కొచ్చాం. పోనూ రానూ తొమ్మిదిమందికి 180. పంటు మీద మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, ఓ పెళ్ళికొడుకు తాలూకు బీరువా. అవతలి ఒడ్డున పని ఏమీ లేకుండా ఏరు దాటడం నా జీవితంలో ఇదే మొదటిసారి. చిన్నాడు మాత్రం దిగనని ఏడ్చాడు.

జనవరి 17: ఆత్రేయపురం, ధవళేశ్వరం

మరదలు కళ్ళు తుడుచుకుంటూనే రెండు కార్ల డిక్కీల్లో ముప్పై కొబ్బరికాయలు వేయించింది. రైళ్ళలో ఎలా మోస్తారన్నది ఆవిడ సమస్య కాదు.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనడమే కాదు, చెయ్యడం చూశాం. బోర్లించిన కుండ, లోపల మంట. ఆవిడ పల్చటి గుడ్డని బియ్యం పిండి నీళ్ళలో ముంచి, రెండు చేతుల్తో పట్టుకుని కుండ మీద ఓసారి ఇటునుంచి అటు లాగింది. ఒక్క క్షణం. కుండ మీద ఏమీ లేదనుకున్నాం. అంచు పట్టుకుని లేపితే రేకు వచ్చింది, వెనకాల మంట కనపడేంత పల్చగా. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని గుడ్డ ఇచ్చింది. మొదటిది ముద్ద, రెండోది చిల్లులు. "నేను నేర్చుకోవడానికి ఏడాది పట్టింది నాన్నా" అందావిడ, ఆ చిల్లుల రేకులోనే పంచదార, నెయ్యి వేసి మడిచి దాని చేతిలో పెట్టి. బెల్లం వేసినవి పదింటి పెట్టె 250. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని బోర్డు మీద రాసుకున్నారు. మా వారికి పూతరేకు ఇవ్వలేదు. అమ్మాయి పక్కనే ఉంది.

లొల్ల లాకుల దగ్గర పావుగంట ఆగి, బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కాం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి కాకపోతే మొన్న మనం చూసిన చేలూ, ఎక్కిన కాలవ గట్లూ ఇలా ఉండేవి కాదని మా వారు మొదలుపెట్టారు. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టినదే, గేట్లు 175. మనవడు లెక్కపెట్టడం మొదలుపెట్టి అరవై దగ్గర చిన్నాడు వాంతి చేసుకోవడంతో లెక్క పోగొట్టుకున్నాడు.

రాజమండ్రి స్టేషన్లో బెంగళూరు వాళ్ళని ముందు ఎక్కించాం. కోడలు కిటికీలోంచి "ఉగాదికి వస్తాం అత్తయ్యా, పచ్చడి నేను చేస్తా" అంది. "గరిటలు ఎడమ పక్క డ్రాయర్లో" అన్నాను. రైలు కదిలింది.

ఇంటికొచ్చాక

నాలుగు రోజుల తర్వాత పుణే నుంచి ఫోను. స్పీకర్లో మనవడు. లెక్కలు మూడుసార్లు కూడాడట.

"అమ్మమ్మా, నలభై రూపాయలు తేడా వస్తోంది. నాన్న ఒప్పుకోవట్లేదు. కనుమ రోజు నుంచే తక్కువ."

వెనకాల మా అమ్మాయి ఏదో సర్దుతున్న చప్పుడు వినపడుతోంది. మా వారి వైపు చూశాను. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

"తీర్థంలో ఎక్కడో పడిపోయి ఉంటాయిలే నాన్నా" అన్నాను.

"జిప్పు వేసే ఉంది కదా!" అన్నాడు వాడు.